తీగ వేసినా తెగుతోందా?

కువైట్‌లో కాపురముంటున్న తెలుగు ఇంటికి కరెంటు, నీళ్లు, ఏసీ తర్వాత ముఖ్యమైనది ఏమిటని అడిగితే పిల్లలు తడుముకోకుండా చెప్పే జవాబు ‘నెట్’. పెద్దలం మనం మాత్రం తక్కువ తిన్నామా? శుక్రవారం పొద్దున్నే రాజంపేటలోనో రాజోలులోనో ఉన్న అమ్మమ్మ, తాతయ్యల ముఖాలు చూడాలన్నా, ఇంట్లోంచే ఆఫీసు మీటింగుకు కూర్చోవాలన్నా అదే కావాలి. 2020లో బడులు మూతపడి తరగతి గదులు మన హాళ్లలోకి వచ్చేసినప్పుడు ఈ అవసరం ఎంతటిదో ప్రతి తల్లికీ తండ్రికీ తెలిసొచ్చింది.

అప్పటినుంచీ నాకు తెలిసిన చాలా ఇళ్లలో ‘మెష్’ వై-ఫై సెట్లు వెలిశాయి. మెష్ అంటే వల. ఒక్క రౌటర్ ఇల్లంతటికీ చాలనప్పుడు రెండు మూడు చిన్న పెట్టెల్ని అక్కడొకటి ఇక్కడొకటి పెట్టి, అన్నీ కలిసి ఒకే పేరుతో వై-ఫై అందించేలా చేసే ఏర్పాటు అన్నమాట. బయటినుంచి వచ్చే లైనుకు తగిలించినదాన్ని ‘తల్లి పెట్టె’ అనీ, గదుల్లో పెట్టినవాటిని ‘పిల్ల పెట్టెలు’ అనీ పిలుచుకుందాం. హవల్లీలాంటి చోట, కాంక్రీటు గోడల మధ్య, పైనా కిందా పక్కనా ప్రతి ఫ్లాట్‌లోనూ వై-ఫై మోగుతూ ఉంటే, గాలిలో వెళ్లే సిగ్నల్‌కు ఊపిరాడదు. అందుకే తెలిసినవాళ్లు ‘ముఖ్యమైన కంప్యూటర్‌కు వైరు వేసుకోండి’ అని చెబుతారు. మంచి సలహాయే.

కానీ ఈమధ్య నాకు వస్తున్న ఫోన్లలో వినపడే మాట ఏమిటంటే, ‘వైరు వేశాం, అయినా తెగిపోతోంది!’ అని. వెంటనే వచ్చే రెండో ప్రశ్న, ‘ఏ కంపెనీ సెట్టు కొంటే బాగుంటుంది?’ అని. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పెట్టె మార్చకముందు దారి చూడండి. ఇంటర్నెట్ మన కంప్యూటర్‌కు చేరే దారిని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఏ ముక్కలో తెగుతోందో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. దీనికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

తప్పు ఇంట్లోనా, సముద్రంలోనా?

నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున రెండు కేబుళ్లు తెగితే అటు భారతదేశం, ఇటు గల్ఫ్ దేశాలు రెండూ ఇబ్బంది పడ్డాయి. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో, జెడ్డా దగ్గర కేబుళ్లు దెబ్బతిన్నప్పుడు కువైట్‌లో కూడా నెట్ నెమ్మదించింది. అలాంటి రోజున ఇంట్లో ఎన్ని పెట్టెలు మార్చినా లాభం లేదు. కాబట్టి మొదటి ప్రశ్న ఇదే: తెగుతున్నది మన ఇంటి లోపలా, బయటా?

ఇది తేల్చే పనిముట్టు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉచితంగా ఉంది. పేరు ‘పింగ్’. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, రౌటర్ చిరునామా (చాలా ఇళ్లలో 192.168.1.1 లాంటిది, రౌటర్ కింద అంటించిన చీటీ మీదో, దాని యాప్‌లోనో ఉంటుంది) కొట్టి, మళ్లీ ఖాళీ వదిలి, చిన్న అడ్డగీత, టి అక్షరం కొట్టండి. కంప్యూటర్ సెకనుకోసారి ‘ఉన్నావా?’ అని అడుగుతుంది, రౌటర్ ‘ఉన్నాను’ అంటుంది. మధ్యలో ఎంత సమయం పట్టిందో మిల్లీసెకన్లలో చూపిస్తుంది. ఇంకో కిటికీ తెరిచి ఇదే పని బయట ఉన్న 8.8.8.8 అనే చిరునామాకు చేయండి. అది గూగుల్ వాళ్లు అందరికోసం నడిపే ఒక సర్వర్.

రెండింటినీ పక్కపక్కనే ఓ పావుగంట నడవనివ్వండి. ఇంటి రౌటర్ జవాబులు ఒకటి రెండు మిల్లీసెకన్లలో గడియారంలా వస్తూ, బయటివి మాత్రం ఆగిపోతే తప్పు లైనుది. అప్పుడు కంపెనీకి ఫోన్ చేయండి, చేతిలో ఆధారంతో మాట్లాడండి. రౌటరే జవాబు ఇవ్వడం మానేస్తే తప్పు ఇంట్లోనే. కంపెనీ వాళ్లను తిట్టి లాభం లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అవుతుంది!

మీ వైరు నిజంగా వైరేనా?

ఇది చాలామంది గమనించని సంగతి. పడకగదిలో ఉన్న పిల్ల పెట్టె వెనక ఒక పోర్టు ఉంటుంది. దానికీ కంప్యూటర్‌కూ మధ్య ఒక చిన్న వైరు వేసి, ‘మాది వైరు కనెక్షనే’ అనుకుంటాం. కానీ ఆ పిల్ల పెట్టె హాల్లో ఉన్న తల్లి పెట్టెతో దేని ద్వారా మాట్లాడుతోంది? గాలిలోనే! అంటే రెండు గజాల వైరు, ఆ తర్వాత రెండు కాంక్రీటు గోడలు దాటే వై-ఫై. వైరు ఉన్నది చివరి రెండు గజాలే కాబట్టి బలహీనత ఎక్కడికీ పోలేదు.

పరీక్ష తేలిక. లాప్‌టాప్‌ను హాల్లోకి తెచ్చి, ఒక కొత్త చిన్న కేబుల్‌తో నేరుగా తల్లి పెట్టెకు తగిలించి పింగ్ నడపండి. అక్కడ కుదురుగా ఉండి, గదిలో తెగుతుంటే తప్పు మధ్యదారిలో ఉంది. పిల్ల పెట్టెను తల్లి పెట్టెకు దగ్గరగా, వీలైతే తలుపు ఎదురుగా జరపండి. లేదా ఆ రెండింటి మధ్యే కేబుల్ వేయండి. మెష్‌లో వైరు వేయడం వల్ల అన్నిటికన్నా ఎక్కువ ప్రయోజనం దొరికేది అక్కడే.

తలుపు వేస్తే పోయే నెట్

హవల్లీలోనే ఉంటున్న ఒక మిత్రుడి ఇంటి సంగతి చెబుతాను. కడప వైపు వారు. వాళ్లమ్మాయి ప్లస్ వన్ చదువుతూ విజయవాడ నుంచి ఆన్‌లైన్‌లో నీట్ కోచింగ్ తీసుకుంటోంది. అక్కడ సాయంత్రం ఆరింటికి క్లాసు అంటే ఇక్కడ మూడున్నర. వారం వారం మాక్ టెస్టు ఉంటుంది. నెట్ పోతే గడియారం ఆగదు కదా, సగం పేపరు అలాగే పోతుంది. మెష్ సెట్టు ఉంది, తల్లి పెట్టె నుంచి గదిలోని కంప్యూటర్‌కు పొడుగాటి కేబుల్ కూడా ఉంది. అయినా టెస్టు మధ్యలో తెగిపోతోంది. తండ్రి వచ్చి కూర్చుని చూస్తే మాత్రం గంటసేపు ఏమీ కాదు!

“అన్నా, సెట్టు మార్చినా అంతే ఉంది. మార్కులు తక్కువొచ్చినప్పుడల్లా నెట్ పోయిందంటాది. నాకు అనుమానంగా ఉంది” అన్నాడు నాతో, అమ్మాయి వినకుండా. అమ్మాయి విననే విన్నది. ఏమీ అనలేదు, కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది.

పింగ్ పెట్టి కూర్చున్నాం. అరగంట దాకా చుక్క తేడా లేదు. “నువ్వు టెస్టు రాసేటప్పుడు ఎట్లా కూర్చుంటావో అట్లాగే కూర్చో తల్లీ” అన్నాను. ఆ పిల్ల లేచి గది తలుపు వేసి వచ్చింది. రెండు నిమిషాల్లో పింగ్ ఆగింది. తలుపు తీశాను, వచ్చింది. మళ్లీ వేశాను, కాసేపటికి పోయింది. కేబుల్ తలుపు కిందనుంచి వెళ్తోంది. ఎన్నో నెలలుగా తలుపు రాసుకుని ఒకచోట నలిగి చదునైపోయింది. చదువుకోవడానికి తలుపు వేసుకున్నప్పుడే నలిగిన తీగ వదులవుతుంది. నాన్న వచ్చి కూర్చున్నప్పుడు తలుపు తీసే ఉంటుంది!

కొత్త కేబుల్‌కు రెండు దినార్లు కూడా కాలేదు. ఈసారి తలుపు కిందనుంచి కాకుండా గుమ్మం చుట్టూ గోడకు క్లిప్పులు కొట్టి తీసుకెళ్లాం. ఆ తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కూతురి దగ్గరకు వెళ్లి తల నిమిరాడు. నాకు ఆ ఇంట్లో తెలిసింది ఏమిటంటే, నెట్ తెగడం వల్ల పోయేది మార్కులు ఒక్కటే కాదు, ఇంట్లో ఒకరి మాట మీద ఒకరికి ఉండే నమ్మకం కూడా. అందుకే పిల్లలను అనుమానించే ముందు తీగను అనుమానించండి.

కేబుల్ లోపల ఎనిమిది తీగలు

నెట్‌వర్క్ కేబుల్‌ను ఈథర్నెట్ కేబుల్ అంటారు. ఈథర్నెట్‌ను 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ రూపొందించారు. అందుకుగాను మెట్‌కాఫ్‌కు 2022 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు లభించింది. నేటి కేబుల్ లోపల సన్నని రాగి తీగలు ఎనిమిది, నాలుగు జతలుగా మెలిపెట్టి ఉంటాయి. ఆ మెలిక అందానికి కాదు సుమా, బయటి విద్యుత్ అలజడి లోపలికి పాకకుండా ఉండడానికి.

సెకనుకు 1000 మెగాబిట్ల వేగానికి నాలుగు జతలూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలే చాలు. కాబట్టి ఒక తీగ తెగినా కొన్నిసార్లు కేబుల్ పూర్తిగా చచ్చిపోదు, వేగం తగ్గించుకుని కుంటుతూ నడుస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, ఆ తర్వాత ఈథర్నెట్ తెరిస్తే ‘లింక్ స్పీడ్’ కనిపిస్తుంది. రెండువైపులా గిగాబిట్ పోర్టులే ఉండి కూడా అక్కడ 1000 బదులు 100 కనబడితే, లేదా అది కాసేపు ఇలా కాసేపు అలా మారుతుంటే, ముందుగా అనుమానించాల్సింది కేబుల్‌నూ దాని చివరలనూ. చాలా టీవీల పోర్టులు మాత్రం పుట్టుకతోనే 100వి. అక్కడ ఆ అంకె చూసి కంగారు పడవద్దు.

హవల్లీలో ఉన్న మనకు కేబుల్ దొరకడం కష్టమేమీ కాదు. ఇబ్న్ ఖల్దూన్ వీధి కంప్యూటర్ దుకాణాలకు పేరుపడ్డదే కదా! (పిల్లలూ, ఇబ్న్ ఖల్దూన్ 1332లో ట్యూనిస్ నగరంలో పుట్టిన గొప్ప చరిత్రకారుడు. మన హవల్లీలో ట్యూనిస్ పేరుతో కూడా ఒక వీధి ఉంది.) కొనేటప్పుడు కేటగిరీ 5ఇ గానీ 6 గానీ అని అడగండి, ఇంటికి అవి చాలు. లోపల అచ్చమైన రాగి ఉండాలి. అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసినవి చవకగా దొరుకుతాయి గానీ, వంచితే తొందరగా విరుగుతాయి. రిబ్బనులా పల్చగా ఉండే కేబుళ్లు తివాచీ కింద ఇమిడిపోతాయని ముచ్చటపడతాం. దూరం ఎక్కువైతే గుండ్రటి కేబులే మేలు. రెండు కేబుళ్లను కలిపే జాయింటు వీలైనంతవరకు వద్దు. ప్లగ్గు మీది చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగితే ఆ కేబుల్ పోర్టులో నిలవదు, దాన్ని మార్చేయండి.

ఒక ఒరలో రెండు కత్తులు

కంపెనీవాళ్లు ఇచ్చిన ఫైబర్ పెట్టె గానీ 5జీ పెట్టె గానీ తనంతట తానే ఒక రౌటర్. మనం కొన్న మెష్ తల్లి పెట్టె ఇంకో రౌటర్. ఇంట్లోని ఫోన్లకూ కంప్యూటర్లకూ నంబర్లు పంచిపెట్టే పని ఇద్దరూ నెత్తిన వేసుకుంటారు. ఒకరి వెనక ఒకరు వరసగా ఉన్నంతవరకు చాలావరకు సర్దుకుపోతారు. చిక్కు ఎక్కడంటే, వైరు వేసే తొందరలో తల్లి పెట్టెను కంపెనీ పెట్టెకు తగిలించి, పిల్ల పెట్టెను కూడా నేరుగా కంపెనీ పెట్టెకే తగిలిస్తాం. దగ్గరగా ఉంది కదా అని. అప్పుడు పిల్ల పెట్టె తల్లి వైపునా ఉండదు, కంపెనీ వైపునా ఉండదు. పూటకో నంబరు, గంటకో తెగడం.

వరస ఇలా ఉండాలి: కంపెనీ పెట్టె, దాని తర్వాత తల్లి పెట్టె, ఆ తర్వాత కావాలంటే ఒక నెట్‌వర్క్ స్విచ్, దాని నుంచి పిల్ల పెట్టెలు, కంప్యూటర్లు. పిల్లలన్నీ తల్లి తర్వాతే! ఇక రెండు రౌటర్లలో ఒకదాన్ని మాత్రమే రౌటర్‌గా ఉంచడం ఇంకా మంచిది. కంపెనీ పెట్టెను ‘బ్రిడ్జ్’ మోడ్‌లోకి మార్చమని అడగవచ్చు. వాళ్లు కుదరదంటే మెష్‌ను ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లో పెట్టుకోవచ్చు. పాత రౌటర్ ఏదైనా ‘పోర్టులు ఉన్నాయి కదా’ అని స్విచ్ లాగా వాడుతుంటే, అది కూడా నంబర్లు పంచుతోందేమో చూడండి.

గానుగెద్దు తిరుగుడు

ఇది తమాషా అయిన తప్పు. ఒకే స్విచ్‌కూ ఒకే పిల్ల పెట్టెకూ మధ్య పొరపాటున రెండు కేబుళ్లు వేశారనుకోండి. ఒక సందేశం ఒక వైరులో వెళ్లి రెండోదాంట్లో తిరిగొచ్చి, మళ్లీ మొదటిదాంట్లో వెళ్లి... గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ఒక్కొక్కటే పెరిగి క్షణాల్లో నెట్‌వర్క్ అంతా స్తంభించిపోతుంది. దీన్ని ‘లూప్’ అంటారు. స్విచ్ మీది లైట్లన్నీ ఒకేసారి ఆగకుండా టపటపా కొట్టుకోవడం దీని గుర్తు. ఒక్కో కేబుల్ పీకుతూ పోతే, ఏది పీకగానే లైట్లు శాంతిస్తాయో అదే అదనపు తీగ.

ఈ చిక్కుకు విరుగుడు కనిపెట్టినది రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికన్ మహిళ, 1985లో. ‘స్పానింగ్ ట్రీ’ అనే ఆ పద్ధతి అదనపు దారుల్ని తానే కనిపెట్టి మూసేస్తుంది. మంచి మెష్ సెట్లు వైరు కనబడగానే గాలి దారిని పక్కన పెట్టేస్తాయి. కానీ మధ్యలో మరీ చవక స్విచ్ ఉంటే ఈ మాటలు ఒకదానికొకటి చేరక తికమక పడవచ్చు. స్విచ్ తీసేసి నేరుగా తగిలించి చూస్తే తెలిసిపోతుంది. ఇది ఇళ్ల గొడవే అనుకోకండి. 2002 నవంబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ అనే పెద్ద ఆసుపత్రి నెట్‌వర్క్ ఇలాంటి లూపుల వల్లే దాదాపు నాలుగు రోజులు కుప్పకూలింది. డాక్టర్లు, నర్సులు మళ్లీ కాగితాల మీద రాసుకుని పని నడిపారు.

ఎండ, కరెంటు, నిద్రపోయే పోర్టు

ఇంటి రౌటర్లలో చాలావాటిని 40 డిగ్రీల వేడి వరకే పనిచేసేలా తయారుచేస్తారు. మన కువైట్‌లో మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదయ్యాయి! సిగ్నల్ బాగుంటుందని 5జీ పెట్టెను కిటికీ గాజుకు ఆనించి పెడితే, మధ్యాహ్నపు ఎండకు అది ఉడికిపోయి తనంతట తాను ఆగి మొదలవుతుంటుంది. కిటికీ దగ్గరే ఉంచండి గానీ ఎండ పడనివ్వకండి. పెట్టెల మీద బట్టలు, పుస్తకాలు పేర్చకండి. రోజూ ఒకే వేళకు తెగుతుంటే, ఆ వేళకు ఎండ ఎక్కడ పడుతోందో చూడండి.

2024 జూన్‌లో కువైట్‌లో మొదటిసారిగా వంతులవారీ కరెంటు కోతలు పెట్టారు. 2025 ఏప్రిల్‌లో కూడా కొన్ని ప్రాంతాలకు తప్పలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు పెట్టెలన్నీ ఒకేసారి లేచి తొందరపడతాయి. అన్నీ ఆపి, ముందు కంపెనీ పెట్టె, రెండు నిమిషాల తర్వాత తల్లి పెట్టె, ఆ తర్వాత పిల్ల పెట్టెలు వెలిగించండి. పరీక్షలున్న ఇంట్లో ఒక చిన్న యూపీఎస్ ఉంటే మంచిది. దాని వోల్టులు, ఆంపియర్లు మీ పెట్టె అడాప్టర్ మీద రాసినవాటికి సరిపోవాలి.

ఇంకొక సంగతి. కొత్త కంప్యూటర్ల నెట్‌వర్క్ పోర్టులు కరెంటు ఆదా కోసం మధ్యమధ్య కునుకు తీస్తాయి. 2010లో వచ్చిన ఈ పద్ధతి పేరు ‘ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్’. రెండువైపులా పెట్టెలకు పొత్తు కుదరకపోతే కునుకు నుంచి లేవడంలో తెగిపోవచ్చు. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ తెరిచి, అడ్వాన్స్‌డ్ అనేచోట దీన్ని ఆపి ఒక రోజు చూడండి. పోర్టు 2.5 గిగాబిట్‌ది అయితే, అక్కడే వేగాన్ని 1 గిగాబిట్‌కు కట్టి పరీక్షించండి.

పిల్లలకో పని

ఈ సెలవుల్లో మీ ఇంటి నెట్‌వర్క్ బొమ్మ గీయండి. బయటి లైను నుంచి మొదలుపెట్టి, ప్రతి పెట్టె, ప్రతి వైరు, అది ఏ పోర్టు నుంచి ఏ పోర్టుకు వెళ్తోందో గుర్తు పెట్టండి. గాలి దారిని చుక్కల గీతతో, వైరును నిండు గీతతో వేయండి. ప్రతి కేబుల్ రెండు చివరలకూ ఒకే నంబరు చీటీ అంటించండి. తర్వాత ఒక చిన్న పుస్తకంలో నెట్ తెగినప్పుడల్లా తేదీ, వేళ, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో రాయండి: తలుపు వేశారా, ఫ్రిజ్ పక్కకు జరిపారా, ఎవరైనా ఊడ్చారా, ఎండ పడుతోందా.

ఒక్క నియమం మాత్రం మరవకండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబుల్, పోర్టు, సెట్టింగు మూడూ ఒకేసారి మారిస్తే బాగుపడవచ్చు గానీ ఎందుకు బాగుపడిందో తెలియదు. మళ్లీ తెగిన రోజున మళ్లీ మొదటికొస్తాం. ఫ్యాక్టరీ రీసెట్ అన్నిటికన్నా చివరి మందు. అది చేసేముందు పాస్‌వర్డులు, సెట్టింగులు కాగితం మీద రాసిపెట్టుకోవాలి. కరెంటు ప్లగ్గుల జోలికి మాత్రం పెద్దలు పక్కన లేకుండా వెళ్లవద్దు.

ఆ బొమ్మా, ఆ పుస్తకమూ పూర్తయితే పెట్టెల పక్కనే పెట్టుకోండి. తర్వాత నెట్ ఆగినప్పుడు ‘కొత్తది కొందాం’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అప్పుడు బొమ్మ తెరిచి, ‘ఆగు నాన్నా, ముందు మూడో నంబరు కేబుల్ చూద్దాం’ అనే మాట మీ నోటినుంచి రావాలి.